ఎడమచేతి వైపు గోడ

మే 6

మామయ్యకు,

నామీద మీరు మోపిన అభియోగం ఇది: "ఇల్లు కనిపెట్టుకుని ఉండమంటే ఇంటి మీదికే దండెత్తావు." ఈ వాక్యాన్ని కార్డు మీద అడ్డంగా ఒకసారి రాసి, కోపం చల్లారక అంచు వెంట నిలువుగా మరొకసారి రాశారు. నేరం ఒకటే గనుక రెండింటికీ కలిపి ఒకే సమాధానం ఇస్తున్నాను.

దండెత్తింది నేను కాదు, మీ అక్క. మీరు పొరుగూరి గోపుర గడియారం బాగుచేయడానికి నెలన్నర పాటు వెళ్ళారు. నాకు విశ్వవిద్యాలయం సెలవులిచ్చింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసి అమ్మ తీర్పు చెప్పేసింది: "ఆ గోడలు నేను చూడలేకపోతున్నానే. వాడొచ్చేలోగా లోపలంతా రంగులు వేయించెయ్. వాడికి మాత్రం చెప్పకు, వద్దంటాడు." అయినా మీకు రాశాను. ప్రతివాదికి కబురు పెట్టకుండా విచారణ జరపడం నా సిద్ధాంతానికి విరుద్ధం. ఆ నిజాయితీకి నాకు దక్కిన బహుమానం మీ కార్డు.

ఇక ఇంటి పరిస్థితి. రంగుల మేస్త్రి లోపలికి వస్తూనే గోడకు అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి తిప్పి చూసుకుని, నా వంక చూశాడు.

"ఎన్నాళ్ళయిందమ్మా రంగులేసి?"

"పదకొండేళ్ళు."

"అయ్యగారు గడియారాలు బాగుచేస్తారన్నారు?"

"అవును."

"మరి గోడలకి టైం చూసుకోలేదా?"

మామయ్యా, మీ తరఫున ఆ ప్రశ్నకు అభ్యంతరం చెప్పలేదు, పైగా ఆయనకు టీ ఇప్పించాను.

ఈ మేస్త్రి దగ్గర ఒక సిద్ధాంతముంది. "రంగు వెయ్యడం రెండు రోజులమ్మా. గోడని దానికి ఒప్పించడమే పది రోజులు." ఇది విన్న క్షణం నుంచీ ఆయనకు నేను శిష్యురాలిని. సామానంతా గదుల నడుమకు జరిపి పాత దుప్పట్లు కప్పాం. మీ గడియారాలు ముప్ఫై ఒకటీ అట్టపెట్టెల్లో పడుకున్నాయి. వాటిలో ఒకటి దుప్పటి కింద నుంచే గంటలు కొడుతోంది. వంటింటి గోడలను సోడా నీళ్ళతో కడిగితే నేల మీద పారిన నీరు కాఫీ రంగులో ఉంది.

ఆ తరువాత మేస్త్రి నా చేతికి పెన్సిలిచ్చి, గోడల మీద తప్పు కనిపించిన చోటల్లా సున్న చుట్టమన్నాడు. తప్పులు వెతకమని నా చేతికి పెన్సిలివ్వడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలియదు. నూట నలభై మూడు సున్నలు చుట్టాను. మేస్త్రి చూసి, "ఇది గోడా, మీ పరీక్ష పేపరా?" అన్నాడు.

సోమవారం పగుళ్ళూ గుంటలూ పూడ్చే లప్పం పని మొదలవుతుంది. అభ్యంతరాలేవైనా ఉంటే ఆలోపు చేరేలా రాయండి.

మీ మేనకోడలు,
ప్రస్తుతానికి నిందితురాలు


మే 11

లాయరమ్మకు,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, ఆ వెంటనే భయపడ్డాను. నూట నలభై మూడా! నేను గడియారంలో చక్రాల పళ్ళు కూడా అంత శ్రద్ధగా లెక్కపెట్టను.

ఇక్కడి సంగతి చెబుతాను. ఈ గోపుర గడియారానికి నాలుగు ముఖాలు, నాలుగూ నాలుగు టైములు చూపిస్తాయి. ఊళ్ళోవాళ్ళకి అది లోపంగా తోచనే లేదు. బడికి వెళ్ళేవాళ్ళు తూర్పు ముఖం చూస్తారు, అది వెనక నడుస్తుంది. ఆఫీసు వదిలేవాళ్ళు పడమటి ముఖం చూస్తారు, అది ముందు నడుస్తుంది. నాలుగింటినీ ఒకటి చేస్తే నన్ను ఊరి పొలిమేర దాకా తరుముతారేమో.

సరే, అసలు మాటకొస్తాను. రంగులు వేయించు, వద్దనను. ఒక్క గోడ మాత్రం వదిలెయ్. వీధి తలుపు లోంచి వస్తుంటే ఎడమచేతి వైపు గోడ, నడవ మీదుగా వంటింటి దాకా. తలుపు పక్కన రెండు మేకులున్నాయి, అవి గొడుగుకి. తియ్యకు. నడవలో పడగ్గది దాకా ఒక పగులుంది, అది నీకంటే పెద్దది, దాన్ని గౌరవించు. స్నానాల గది తలుపు పక్కన పెచ్చులూడిన చోటుంది. అక్కడ గోడ ఊపిరి పీల్చుకుంటుందని మా పాత మేస్త్రి చెప్పేవాడు. వంటింటి మెట్టుకి ముందు గోడలో ఒక నొక్కుంది. బీరువా జరిపినప్పుడు పడింది, నాకదో జ్ఞాపకం. వీటి జోలికి మాత్రం పోవద్దు.

తలుపు చట్రాలు ఇప్పుడున్న ముదురు నీలమే ఉండనీ. సామాను ఎక్కడిదక్కడే పెట్టించు. బల్ల గోడకి మూడు జానల దూరం. నాలుగు కాదు.

చాదస్తం అనుకో. అనుకుని, చెప్పినట్టు చెయ్యి.

మామయ్య


మే 17

మామయ్యకు,

మీ ఉత్తరం గురువారం చేరింది. లప్పం బుధవారానికే దాదాపు పూర్తయింది, గురువారం గరుకు కాగితంతో రుద్దడం జరుగుతోంది. న్యాయంగా చెప్పాలంటే, అప్పటికి మీ ఎడమ గోడ ఒక్కటే మిగిలింది. కాబట్టి ఆలస్యం నెపం మీద తప్పించుకోను. మీ వాదనలను చదివాను, తూచాను, తోసిపుచ్చాను. కారణాలు రాస్తున్నాను.

మేకులు గొడుగు కోసమన్నారు. అవి రెండూ నా నడుము ఎత్తున ఉన్నాయి. అక్కడ గొడుగు తగిలిస్తే దాని మొన నేలను దున్నుతుంది. పైగా మీ గొడుగు ఎప్పుడూ ఉండేది మీ మంచం కింద. పగులు నాకంటే పెద్దది కనుక గౌరవించమన్నారు. వయసును తర్కంగా ఒప్పుకుంటే ఇక ప్రపంచంలో ఏ తప్పునూ దిద్దలేం. గోడ ఊపిరి పీల్చుకుంటుందన్నారు. గోడకు ఊపిరితిత్తులే ఉంటే మీ వంటింటి పొగకు ఎన్నడో దగ్గి కూలేది. నొక్కు జ్ఞాపకమన్నారు. ఏ బీరువా, ఏ సంవత్సరం, ఎవరు జరిపారు? ఒక్క వివరం లేదు. వివరం లేని జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోరు.

మేస్త్రి కాస్త తటపటాయించాడు.

"అయ్యగారు వద్దన్నారు కదమ్మా, ఆ గోడ వదిలేద్దాం."

"మూడు గోడలు నున్నగా ఉండి నాలుగోది గరుకుగా ఉంటే చూసేవాళ్ళు ఎవరిని అంటారు? మిమ్మల్నా, మామయ్యనా?"

"నన్నే."

"పదకొండేళ్ళ తరువాత జరుగుతున్న పనిని సగంలో వదిలితే మళ్ళీ ఎప్పటికి?"

"ఇంకో పదకొండేళ్ళకి."

"అప్పటికి మీ వయసెంత?"

మేస్త్రి తాపీ అందుకున్నాడు. "మీతో మాట్లాడేకన్నా లప్పం పెట్టడమే తేలికమ్మా."

ఇప్పుడు వచ్చి చూడండి, మేకులు కూడా పీకించిన ఎడమ గోడ మీద చెయ్యి వేస్తే గాజు మీద వేసినట్టు జారిపోతుంది. తలుపు చట్రాలకూ గోడలకూ ఒకటే దంతపు రంగు ఎంచాను. ముదురు నీలం చట్రాలు ఇంటిని గళ్ళుగళ్ళుగా చీలుస్తాయి. ఇప్పుడు తలుపెక్కడో గోడెక్కడో తెలియనంత ఏకంగా ఉంది. బల్లను కిటికీ దగ్గరకు మార్చాను, వెలుతురుంటుందని. బీరువా నడవలోకి వచ్చింది.

మీరు వచ్చేసరికి నేను హాస్టలుకు వెళ్ళిపోతాను. కృతజ్ఞతలు పోస్టులో పంపండి, నిరాకరించను.

మీ మేనకోడలు,
నిర్దోషి


జూన్ 12

అమ్మడూ,

వచ్చాను. ఇల్లు చూశాను. మిట్టమధ్యాహ్నం వచ్చానేమో, గుమ్మంలో నిలబడితే పెంకు తీసిన గుడ్డు లోపలికి వెళ్తున్నట్టనిపించింది. అంత తెలుపు, అంత నునుపు. చాలా బాగుంది. ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. నువ్వు దుమ్ములో నిలబడి గోడలు గీకించావని మీ అమ్మ చెప్పింది. నా కోసం ఇంత పని ఎవరూ చెయ్యలేదు.

గడియారాలన్నీ మళ్ళీ గోడలెక్కాయి. దుప్పటి కింద గంటలు కొట్టింది ఏదో తెలుసా, చెడిపోయిందని నేను పక్కన పెట్టినది. చీకట్లో పెడితే బాగుపడింది. దాని అదృష్టం.

ఒక చిన్న నష్టం. పంచదార సీసా పగిలింది. బీరువా నడవలో ఉంటుందని నాకు అలవాటు కాలేదు, సీసా పట్టుకుని నేను, బీరువా ఎదురుపడ్డాం. బీరువాకేం కాలేదు. బల్లని మాత్రం పాత చోటికి జరిపేసుకున్నాను, ఏమీ అనుకోకు.

గోపుర గడియారం నాలుగు ముఖాలూ ఒక్కటయ్యాయి. మొదటి రోజే బడికి నలభై మంది ఆలస్యంగా వెళ్ళారట. చెప్పానా?

బాగా చదువుకో. పోట్లాటలు తగ్గించు అనను, గెలిచేవే పెట్టుకో.

మామయ్య


జూన్ 19

మామయ్యకు,

ఈ ఉత్తరంలో హాస్యం ఉండదు. ముందే చెబుతున్నాను, వెతకవద్దు.

అమ్మ దగ్గర నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. ఆఫీసు వదిలాక ఆమె రోజూ మీ ఇంటి మీదుగా వస్తుందని మీకు తెలుసు. ఆమె చూసినవి ఇవి. మంగళవారం సాయంత్రం మీ నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి. తలుపు తగిలిందన్నారు. తలుపు తీసే ఉంది. బుధవారం వంటింటి మెట్టు మీద జారి కూర్చుని ఉన్నారు, చేతిలో గ్లాసు. గురువారం ఎదురింటి టైలరు పలకరిస్తే ఆయన పక్క నుంచే పలకకుండా వెళ్ళిపోయారు. ఆయన నొచ్చుకుని అమ్మతో అన్నమాట: "మీ తమ్ముడు గోడ పట్టుకుని నడుస్తున్నాడమ్మా. నేనైతే ఏమీ అనను, కానీ గోడ పట్టుకుని ఎవరు నడుస్తారో మీకూ తెలుసు." మొన్న మబ్బు పట్టిన మధ్యాహ్నం టీ కప్పును బల్ల మీద పెట్టబోయి గాలిలో పెట్టారు. చీకటి పడ్డాక అమ్మ ఇంటికి భోజనానికి రమ్మంటే మూడు సార్లు మూడు వంకలు చెప్పారు.

అమ్మ తీర్పుకు వచ్చేసింది. "వాడు తాగుతున్నాడు. ఒంటరిగా వదిలితే ఇల్లు తగలబెట్టుకుంటాడు. మన ఇంట్లో వెనక గది ఖాళీ చేస్తున్నాను. వాడి ఇల్లు అద్దెకిచ్చేద్దాం, రంగులు కూడా వేయించాం కదా, ఎవరైనా ఎగిరి గంతేసి వస్తారు." వచ్చే నెల సగానికల్లా ఇది జరిగిపోవాలని ఆమె పట్టుదల. ఆమె మనసు మారాలంటే నా దగ్గర ఆయుధం ఉండాలి, ఆ ఆయుధం మీ జవాబే.

మామయ్యా, మీరు తాగుతున్నారా? అవును, కాదు. ఈ రెండింటిలో ఒకటి రాయండి. గడియారాల కబుర్లతో చుట్టి పంపితే ఒప్పుకోను.

మేనకోడలు


జూన్ 24

లాయరమ్మకు,

అవును.

రెండు గ్లాసులు. పోనీ, ఒకటిన్నర అనుకో. ఊరు కాని ఊళ్ళో ఉన్నప్పుడు అలవాటయింది. ఇవాళ్టి నుంచి మానేస్తున్నాను, మానేశాననే రాసుకో. మీ అమ్మకి, అదే మా అక్కకి, నీ మాటగా చెప్పు: వాడు ఒప్పుకున్నాడు, సిగ్గుపడ్డాడు, ఇకపైన ముట్టడు, నెల రోజులు చూసి అప్పుడు మాట్లాడమని. నీ మాట వింటుంది, నీతో వాదించే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి.

వెనక గది గురించి ఒక మాట. దాని తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? ఊరికే అడిగాను.

టైలరుకి వెళ్ళి క్షమాపణ చెప్పాను. పగలే వెళ్ళాను. చొక్కా కొలతలు తీసుకుని పంపాడు. నాకు చొక్కా అక్కర్లేదు, కానీ ఆయన మనసు కుదుటపడింది.

మామయ్య


జూలై 1

మామయ్యకు,

మీ నేరాంగీకారాన్ని తిరస్కరిస్తున్నాను.

నాలుగేళ్ళుగా వాదోపవాద పోటీల వేదికల మీద నిలబడుతున్నాను. ఇంత హుషారుగా తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. దగ్గు మందులో ఆ వాసన ఉందని సీసా మొక్కల్లో పారబోసిన మనిషి మీరు. అదీ కాక, మీ మత్తు చాలా విచిత్రమైనది. పొద్దు వాలగానే ఎక్కుతుంది, తెల్లవారగానే దిగుతుంది, మబ్బు పడితే పట్టపగలు కూడా ఎక్కుతుంది. పగటి వేళ వెంట్రుకంత స్ప్రింగును పట్టుకారుతో పట్టి ఎక్కించే చేతిని ఒక్కసారి కూడా వణికించదు. అలాంటిది ఏ సీసాలోనూ దొరకదు.

అప్పటికీ నాకు విషయం అర్థం కాలేదు. అర్థమైంది సోమవారం సాయంత్రం. హాస్టల్లో కరెంటు పోయింది. మూడో అంతస్తు నడవలో ఉన్నాను. ఎవరూ చెప్పకుండానే నా ఎడమ చెయ్యి గోడ మీదికి వెళ్ళింది. నోటీసు బోర్డు చట్రం తగిలింది, అంటే ఇంకో నాలుగడుగుల్లో మెట్లు. మెట్ల దగ్గర గోడ గరుకు, అక్కడ తిరగాలి. రోజూ నడిచే దారి నా వేళ్ళకు ఇంతగా తెలుసునని నాకే తెలియదు. సరిగ్గా మెట్టు మీద కాలు పెట్టబోతూ ఆగిపోయాను. చెయ్యి నడుము ఎత్తున ఉంది.

గదికి వెళ్ళి మీ మే నెల ఉత్తరం తీశాను. తలుపు దాటగానే రెండు మేకులు. పగులు పట్టుకుని వెళ్తే పడగ్గది. పెచ్చులూడిన చోట స్నానాల గది. నొక్కు తగిలితే తరువాతది మెట్టు. అన్నీ ఒకే గోడ మీద, ఒకే ఎత్తున. తెల్ల గోడల మధ్య తలుపెక్కడుందో చెప్పడానికి ముదురు నీలం చట్రాలు. గోడకు మూడు జానల దూరంలో బల్ల.

మీకు రేచీకటి, మామయ్యా. ఎన్నాళ్ళుగానో నాకు తెలియదు. మీరు వేళ్ళతో చదువుకునే పుస్తకాన్ని నేను గరుకు కాగితం పెట్టి రుద్దించాను. వద్దని నాలుగు కారణాలు రాస్తే, నాలుగూ అబద్ధాలని నిరూపించి గర్వపడ్డాను. అవి అబద్ధాలని కనిపెట్టడానికి నాకు పూట పట్టలేదు. మనిషి ఎందుకు అబద్ధమాడుతున్నాడని అడగడానికి ఆరు వారాలు పట్టింది. "నిర్దోషి" అని సంతకం కూడా చేశాను. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

తాగుబోతు అనిపించుకోవడానికి ఒప్పుకున్నారు, ఈ మాట చెప్పడానికి ఒప్పుకోలేదు. ఎందుకు? ఈసారి అవును, కాదు అక్కర్లేదు. మీకు తోచినంత రాయండి, గడియారాల కబుర్లతో చుట్టి పంపినా చదువుతాను.

మీ మేనకోడలు


జూలై 7

అమ్మడూ,

నీ ఉత్తరం కిటికీ దగ్గర, పొద్దున పదింటి ఎండలో చదివాను. రెండు సార్లు.

మూడేళ్ళయింది. కంటి డాక్టరు చెప్పాడు, పక్క చూపు మెల్లమెల్లగా పోతుంది, మసక వెలుతురులో అసలుండదు, ఎదురుగా ఉన్నది పగలు బాగానే కనిపిస్తుంది, పని మానక్కర్లేదు అని. ఆర్నెల్లకోసారి వెళ్ళి చూపించుకుంటున్నాను. ఇంట్లో బల్బు వేసినా బల్బు కనిపిస్తుందే తప్ప పక్కనున్న గోడ కనిపించదు. మేకులు నేనే కొట్టుకున్నాను. నొక్కు కూడా నేనే చేశాను, సుత్తితో. బీరువా పాపం ఏ పాపమూ ఎరగదు. మిగతావి గోడే నాకిచ్చింది.

ఎందుకు చెప్పలేదంటావు. తాగుడైతే మానేస్తానని మాటివ్వచ్చు. దీన్నెలా మాననే? మా అక్క మంచిది, అదే నా భయం. చెప్పిన రోజే నా చెయ్యి పట్టుకుంటుంది, ఇక వదలదు. ఆ వెనక గదిలో కూర్చుని, స్నానాల గదికి వెళ్ళాలంటే అక్కా అని పిలవాలి. ఇక్కడైతే సాయంత్రం ఆరింటికి నా టీ నేను పెట్టుకుంటాను. నువ్వు నవ్వుతావేమో, నాకు ఆ టీ ముఖ్యం.

నిన్ను నిందించను. నిజమైన కారణం చెప్పకుండా నీతో వాదనకి దిగడం నా తెలివితక్కువ. గెలిచేవే పెట్టుకోమని నీకు చెప్పానే గానీ నేను పాటించలేదు.

మేస్త్రిని పిలిపించాను. విషయం చెబితే ముందు నమ్మలేదు. తలుపు దగ్గర కళ్ళకి నా కండువా కట్టి నడిపించాను. మూడో అడుగులో నా అద్దాల బీరువాని కౌగిలించుకున్నాడు. కండువా తీసి, "మరి చెప్పరేమండీ! అమ్మాయిగారితో పెట్టుకోలేక పని చేశాను గానీ, ఈ సంగతి తెలిస్తే చెయ్యి నరుక్కునేవాణ్ణి" అన్నాడు. చెయ్యి ఉంచుకుని సుత్తి పట్టుకోమన్నాను.

ఆ తరువాత చూడాలి తమాషా. ముప్ఫై ఏళ్ళుగా గోడలు నున్నగా చేస్తున్నవాడికి గోడ పాడు చెయ్యడం చేత కావడం లేదు. నొక్కు పెట్టమంటే పెట్టాడు, నేను నీళ్ళు తాగి వచ్చేసరికి దాని అంచులు గరుకు కాగితంతో రుద్దేశాడు. "అలవాటయ్యా, చెయ్యి ఊరుకోదు" అంటాడు. రెండోసారి పెట్టాడు, నేను పక్కనే నిలబడ్డాను. పగులు గీయమంటే స్కేలు పెట్టి తిన్నగా గీశాడు. పగులు తిన్నగా ఉంటుందా? "వంకర గీత నా చేత్తో గీయను" అని భీష్మించుకున్నాడు. తిన్నగానే ఉండనిచ్చాను. మేకులూ బీరువా పాత చోట్లకి వెళ్ళాయి, స్నానాల గది పక్కన పెచ్చులు నేనే ఊడగొట్టుకున్నాను. చట్రాలకి నీలం రేపు వేస్తాడు. మూడు సాయంత్రాలు నడిచి చూశాను, ఎక్కడా తగల్లేదు.

మిగిలింది మీ అమ్మ. ఆదివారం మధ్యాహ్నం వస్తోంది, ఇల్లు చూడటానికి ఎవరో అద్దెవాళ్ళని సోమవారం రమ్మన్నదట. ఆమెకి చెప్పేస్తాను. చెబుతాను గానీ, ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సరే అక్కా అనేస్తాను. అందుకని అడుగుతున్నాను. నాకు కావలసింది నువ్వు రాసి పంపు. చదివి వినిపిస్తాను. మేస్త్రి కూడా ఉంటాడు, సాక్షిగా.

మామయ్య


జూలై 11

అమ్మకు, మామయ్యకు, మేస్త్రిగారికి,

ఈ కాగితాన్ని చదివే పని మామయ్యది. చదివే ముందు ఆయన తన కళ్ళ సంగతి తన మాటల్లో, తన నోటితో అమ్మకు చెప్పాలి. అది అయ్యేదాకా కింది పంక్తికి దిగకూడదు.

అమ్మా, ఇప్పుడు నీ కళ్ళ వెంట నీళ్ళు కారుతూ ఉంటాయి. తుడుచుకో, కానీ లేచి మామయ్య చెయ్యి పట్టుకోకు. ముందు నా మాట విను.

నీ అభియోగం ఏమిటో నాకు తెలుసు: "ఇంత పెద్ద విషయం దాచినవాణ్ణి ఒంటరిగా ఎలా వదలను?" దాచడం తప్పే. ఆ తప్పుకు మామయ్యను నువ్వు తిట్టాలి, గట్టిగా తిట్టాలి. నాలుగు పేజీలు నాకు రాసినట్టు నాలుగు గంటలు ఆయనను తిట్టు. నేను అడ్డు రాను. కానీ దాచినందుకు శిక్ష వేరు, ఇల్లు వదిలించడం వేరు. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టవద్దు.

లెక్క చూద్దాం. ఈ జబ్బు మూడేళ్ళ నాటిది. ఆ మూడేళ్ళలో మామయ్య ఎన్నిసార్లు పడ్డారు? నువ్వు రోజూ వస్తావు గదా, చెప్పు. ఒక్క బొప్పి చూశావా? ఒక్క సీసా పగిలిందా? బొప్పి, సీసా, మెట్టు మీద పడటం, అన్నీ జూన్ నెలవే. మే నెలలో ఆ ఇంట్లో జరిగినది ఒక్కటే: నేను. మామయ్యను పడేసింది ఆయన కళ్ళు కాదు, నేను నున్నగా చేయించిన గోడ. తీసేయవలసింది ఆ లప్పాన్ని. మేస్త్రిగారు దాన్ని తీసేశారు. ఇంకా ఎవరినైనా ఆ ఇంటి నుంచి తీసేయాలనుకుంటే, సెలవుల్లో నన్ను రానివ్వకు.

నీ వెనక గది గాలీ వెలుతురూ ఉన్న మంచి గదే. అందులో మామయ్యకు అన్నీ ఉంటాయి, తన చేత్తో చేసుకునే పని ఒక్కటి తప్ప. మన ఇంటి గోడలు ఆయనకు తెలియవు. నువ్వు నెలకోసారి సామాను మారుస్తావు, ఆ గుణం నాకు నీ నుంచే వచ్చింది. అక్కడ ఆయన మొదటి రోజు నుంచే గుడ్డివాడవుతారు. ఇక్కడ సాయంత్రం ఆరింటికి టీ పెట్టుకునే గడియారాల రిపేరు మనిషిగా ఉన్నారు.

ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. డాక్టరు దగ్గరికి ఇకపైన నువ్వు కూడా వెళ్ళాలి, చెప్పినదంతా నీ చెవులతో వినాలి. పొద్దు వాలాక మామయ్య ఒంటరిగా రోడ్డు మీదికి రాకూడదు. నీ ఇంటికి భోజనానికి రావాలంటే ఎవరైనా తోడు రావాలి, వంకలు చెప్పకుండా ఆయన ఆ తోడును ఒప్పుకోవాలి. చూపు ఇంకా తగ్గిన రోజున, ఆయనే అక్కా అని పిలవాలి, నువ్వు పిలిపించుకోకుండానే. మామయ్యా, ఈ మాట చదువుతూ గొంతు తగ్గించవద్దు. ఇది మీరు ఇవ్వవలసిన మాట.

మేస్త్రిగారూ, ఆ రోజు తాపీ పట్టుకుని మీరు తటపటాయించారు. నా మూడు ప్రశ్నల కన్నా మీ తటపటాయింపే సరైన వాదన. క్షమించండి.

ఇప్పుడు నా కోరిక, ముగ్గురికీ.

సాయంత్రం దాకా ఎవరూ వెళ్ళవద్దు. చీకటి పడనివ్వండి. దీపాలు వెయ్యవద్దు. మేస్త్రిగారు వీధి తలుపు మూసి, పక్కకు జరిగి, నోరు మెదపకుండా నిలబడాలి. అమ్మా, నువ్వు కళ్ళు మూసుకుని తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యి. నడిపించవద్దు, వెంట నడువు. ఆయన నిన్ను వంటింటి దాకా తీసుకువెళ్ళి, మెట్టు దింపి, పీట మీద కూర్చోబెట్టి, టీ చేసి నీ చేతికి అందించాలి. ఆ దారిలో నీ మోచెయ్యి ఒక్క చోట దేనికైనా తగిలితే, ఆయన బట్టలు సర్ది, ఆయనను నీ వెంట తీసుకువెళ్ళు, నేను నోరెత్తను. తగలకపోతే, టీ తాగి, అద్దెవాళ్ళను రావద్దని చెప్పి, నువ్వొక్కదానివే ఇంటికి వెళ్ళు.